గ్యాస్ మీద పాలు, కొంగున ముడి

ప్రశ్న: సిస్టర్ గారికి నమస్కారం. నాకు 64 ఏళ్లు. మాది దేవరకొండ దగ్గర పల్లె. ఏడాది నుంచి మతిమరుపు ఎక్కువైంది. పొయ్యి మీద పాలు పెట్టి బట్టలు ఆరేయడానికి పోతే, గిన్నె మాడిన వాసన వచ్చేదాకా యాదికి రాదు. బీపీ గోళీ వేసుకున్నానో లేదో తెలియక రెండోసారి వేసుకున్న రోజులు కూడా ఉన్నాయి. మొన్న పెండ్లిలో మా మేనబావ బిడ్డ పేరు ఎంత గింజుకున్నా రాలేదు, ఆ పిల్ల చిన్నబుచ్చుకుంది. మా అత్తమ్మ చివరి రోజుల్లో మమ్మల్ని ఎవరినీ గుర్తుపట్టలేదు. నేనూ అట్లనే అవుతానేమోనని రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. ఇంట్లో చెప్తే నవ్వుతారు.
– ఒక పాఠకురాలు

జవాబు: చెల్లెమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. పాలగిన్నె, గోళీ, పెండ్లిలో పేరు, మూడూ ఒకే జబ్బు అనుకొని మీరు భయపడుతున్నారు. నాకైతే అవి మూడు వేర్వేరు సంగతులుగా కనిపిస్తున్నాయి.

పేరుతో మొదలుపెడతాను. ఆ పిల్ల ఎవరి బిడ్డో మీకు తెలుసు, ఏ ఊరికి ఇచ్చారో కూడా తెలిసే ఉంటుంది. పేరు ఒక్కటే నాలుక చివరిదాకా వచ్చి ఆగింది. ఇంటికి పోయి కాళ్లు కడుక్కునేలోపు దానంతట అదే వచ్చి ఉంటుంది. లోపల భద్రంగానే ఉంది, బయటికి తీయడానికి టైమ్ పడుతోంది. వయసు పెరిగేకొద్దీ ఇది దాదాపు అందరికీ జరిగేదే. పైగా పేరుకు అర్థం ఆసరా ఉండదు. వడ్రంగి అంటే ఉలి, బాడిస, చెక్కపొట్టు కళ్ల ముందుకొస్తాయి. సునీత అంటే ఏ బొమ్మా రాదు. బతుకమ్మ పాటలు మాత్రం మీకు ఒక్క చరణం తప్పకుండా వస్తాయి, అవునా? చిన్నప్పటి నుంచి చప్పట్లతో, అడుగులతో కలిసి కుదురుకున్నవి అంత తొందరగా పోవు. ఈసారి పెండ్లికి పోయేముందు ఎవరెవరు వస్తారో మీ ఆయనతో ఒకసారి అనుకొని పొండి. అక్కడ పేరు అందకపోతే "బాగున్నవా బిడ్డా" అని దగ్గరికి తీసుకోండి.

గోళీ సంగతి నాకు బాగా తెలుసు. నల్లగొండలో 32 ఏళ్లు మెడిసిన్ వార్డులో నర్సుగా చేశాను. నైట్ డ్యూటీలో ఒక్కోసారి నలభై మంది పేషెంట్లు. ఇచ్చిన మందు ఇచ్చిన చోటే చార్టులో టైమ్ వేసి సంతకం పెట్టాలని, డ్యూటీ దిగి తర్వాతి సిస్టర్‌కు అప్పగించేటప్పుడు ఆ చార్టు చూసే చెప్పాలని మా పెద్ద సిస్టర్ మొదటి వారంలోనే నేర్పింది. తర్వాత రాద్దామనుకున్న రోజే తప్పు జరుగుతుందనేది. అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. ఆ వయసులోనే అవసరమైన పద్ధతి ఇప్పుడు మీరు వాడుకుంటే చిన్నతనం ఏమీ లేదు. నిన్నటి గోళీ, ఇవాల్టి గోళీ ఒకే తీరుగా ఉంటాయి కాబట్టి మనసులో కలిసిపోతాయి. మెడికల్ షాపుల్లో ఏడు గదుల గోళీల డబ్బా దొరుకుతుంది. ఆదివారం నింపి పెట్టుకుంటే, ఇవాల్టి గది ఖాళీగా ఉందంటే వేసుకున్నట్టే. డబ్బా దొరక్కపోతే గోళీల షీటు మీద పెన్నుతో తేదీలు రాసుకోండి. అనుమానం వచ్చిన పూట రెండోసారి వేసుకోకండి. షుగర్ గోళీలైతే అసలే వద్దు, షుగర్ పడిపోతే ప్రాణం మీదికొస్తుంది.

ఇక పాలు. తీగ మీద బట్టలు వేస్తుంటే ఆ పనే మనసంతా నింపేస్తుంది, పొయ్యి జారిపోతుంది. రెండు పనులు ఒకేసారి పట్టుకునే శక్తి వయసుతో తగ్గుతుంది. మా అమ్మకు చదువు రాదు. పొయ్యి మీద ఏదైనా పెట్టి బయటికి వస్తే కొంగుకు ముడి వేసుకునేది. వాకిట్లో ఎవరితో ఎంత మాట్లాడుతున్నా చేతికి ముడి తగలగానే లేచేది. ఇన్నేళ్ల ఆస్పత్రి పని తర్వాత కూడా అంతకన్నా మంచి ఉపాయం నాకు కనిపించలేదు. ఫోన్‌లో అలారం పెట్టుకోవచ్చు, కానీ ఫోన్ అర్రలో ఉండిపోతుంది, కొంగు మీతోనే ఉంటుంది. పంజాబీ డ్రెస్ వేసుకునేవాళ్లు చేతిలో గరిటె పట్టుకొని బయటికి రావచ్చు.

నా సంగతి కూడా చెప్పాలి. 61 ఏళ్లప్పుడు బీరువా తాళంచెవి మూడు రోజులు వెతికాను. బియ్యం డ్రమ్ములో దొరికింది. పెట్టినప్పుడు ధ్యాస ఎక్కడో ఉంది, కాబట్టి అది మనసులోకి ఎక్కనేలేదు. అప్పటి నుంచి "తాళం మేకుకు వేశాను" అని పైకి అంటాను. అట్లనే రక్తపరీక్షలు కూడా చేయించుకున్నాను. షుగర్‌కు మెట్‌ఫార్మిన్ ఏడేళ్లుగా వాడుతున్నాను, బీ12 విటమిన్ 140 దగ్గర ఉంది. మామూలుగా 200 పైన ఉండాలి. మెట్‌ఫార్మిన్, గ్యాస్ గోళీలు చాలా ఏళ్లు వాడేవాళ్లలో, మాంసం, పాలు, గుడ్లు తక్కువ తినేవాళ్లలో ఇది తగ్గుతుంది. ఇంజెక్షన్లు తీసుకున్నాక నెలల్లోనే తేడా తెలిసింది. మీరు కూడా బీ12, థైరాయిడ్, షుగర్, సోడియం (రక్తంలో ఉప్పు) చూపించుకోండి. వీటిలో లోపం ఉంటే సరిచేసే మందు ఉంది. జలుబుకో దురదకో వాడే మత్తు గోళీలు, డాక్టరు రాయకుండా కొన్న నిద్రగోళీలు ఉంటే ఆ సంగతీ డాక్టరుకు చెప్పండి, అవి మెదడును మసకబారుస్తాయి.

అత్తమ్మ గురించి. మేనరికం అయితే తప్ప ఆమెకూ మీకూ రక్తసంబంధం లేదు. మేనరికమే అయినా, ఇంట్లో ఒకరికి వచ్చిందని అందరికీ రాదు. 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రిక నియమించిన నిపుణుల బృందం, మతి పోయే జబ్బుకు దారితీసే వాటిలో మనం మార్చుకోగలిగినవి 14 అని లెక్కగట్టింది. బీపీ, షుగర్, చెవుడు, చూపు తగ్గడం, ఒంటరితనం, కదలకుండా కూర్చోవడం అందులో ఉన్నాయి. వాటిని పట్టించుకుంటే 45 శాతం దాకా కేసులను ఆపవచ్చు లేదా వెనక్కి నెట్టవచ్చని చెప్పింది. కాబట్టి బీపీ గోళీ మానకండి. నిద్ర కూడా ముఖ్యం, పగలు చూసినవి మనసులో కుదురుకునేది నిద్రలోనే. భయంతో నిద్ర పోతోంది, నిద్ర లేక మరుపు పెరుగుతోంది. ఇంట్లో నవ్వుతారని దాచుకోకండి, ఈ పత్రిక మీ ఆయన చేతికి ఇచ్చి చదివించండి.

ప్రశ్న: మాది మహబూబ్‌నగర్. నాన్నకు 72 ఏళ్లు. అడిగిందే పది నిమిషాల్లో మళ్లీ అడుగుతున్నాడు. రోజూ చాయ్ తాగే హోటల్ నుంచి ఇంటికి దారి తెలియక నిలబడిపోయాడు. పింఛను డబ్బు లెక్క కుదరడం లేదు. తనకేమీ కాలేదంటాడు. వయసు వల్లేనా?
– ఒక కొడుకు

జవాబు: నాయనా, ఇది పై అమ్మ చెప్పిన మరుపు లాంటిది కాదు. తెలిసిన దారి తప్పడం, లెక్క తప్పడం, తనకు తెలియకుండా ఇంటివాళ్లకే తెలియడం, ఈ మూడూ ఉంటే ఆలస్యం చేయకూడదు. ఈ వారంలోనే మెడిసిన్ డాక్టరుకు, ఆ తర్వాత నరాల డాక్టరుకు చూపించండి. హైదరాబాద్‌లో నిమ్స్ ఆస్పత్రిలో ఆ విభాగం ఉంది. ఈ రెండు మూడు నెలల్లో ఎక్కడైనా జారిపడ్డాడా అని కనుక్కోండి. చిన్న దెబ్బకే తలలో రక్తం మెల్లగా చేరి ఇట్లా అయినవాళ్లను వార్డులో చూశాను, ఆపరేషన్‌తో బాగై నడిచి ఇంటికి పోయారు. ఒకటి రెండు రోజుల్లో ఒక్కసారిగా తికమక పెరిగితే మాత్రం వెంటనే ఆస్పత్రికి తీసుకుపోండి, మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చినా పెద్దవాళ్లకు అట్లా అవుతుంది.

"ఇప్పుడే చెప్పాను కదా" అనకండి, ఆయనకు అది మొదటిసారి అడిగినట్టే ఉంటుంది. ఇవాళే ఒక చీటీ మీద ఇంటి అడ్రసు, మీ ఫోన్ నంబరు రాసి అంగీ జేబులో పెట్టండి. ఎటు పోవాలో తోచకపోతే పెద్దవాళ్ల కోసం 14567 నంబరు ఉంది, డబ్బులు పడవు.