చేపల తట్ట ఎత్తుకోబోయే ముందు

తల్లీ,

కళింగపట్నం ఒడ్డున చేపలు కొని శ్రీకాకుళంలో అమ్ముతానన్నావట, మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. మంచిదే. నువ్వు మాటకారివి, అమ్మకం గురించి నాకు టెన్షన్ లేదు. బెంగంతా కొనుబడి గురించే.

పడవ రాకముందే అక్కడుండాలి. ఇసుక మీద చేపలు పోగులు పోసి వేలం పాట పెడతారు. కాటా ఉండదు. ఆ పోగు ఎన్ని కిలోలో నీ కన్నే చెప్పాలి, టౌన్‌లో మాత్రం నువ్వు తూచి అమ్మాలి. అందుకే ఎంతవరకు పాడాలో ముందే మనసులో అనుకో, అది దాటితే నోరు మూసుకో. పక్కామె పాడిందని పంతానికి పోయేవాళ్లను రోజూ చూస్తున్నాను. పాట పెట్టేవాడు ఉడికించేది అలాంటివాళ్లనే.

పోగు పైన మంచివి, అడుగున మెత్తబడినవి ఉండొచ్చు. ఎవరేమన్నా సరే, చెయ్యి పెట్టి అడుగువి తీసి చూడు. మొప్పలు ఎర్రగా, కన్ను ఉబ్బి తేటగా ఉండాలి. వేలితో నొక్కితే గుంట నిలవకూడదు. రొయ్యకు తల వదులైతే వద్దు. వంజరం, చందువల లాంటి ఖరీదైన చేపల జోలికి ఇప్పుడే పోకు, ఒక్కటి మిగిలినా ఆ రోజు కష్టమంతా పోతుంది. కవళ్లు, కానాగంతల లాంటి చవక చేపలతో మొదలెట్టు.

ఐసు దగ్గర పిసినారితనం వద్దు. కింద ఒక వరస, పైన ఒక వరస. పెట్టె అడుగున చిల్లు ఉండాలి, కరిగిన నీళ్లలో నానితే చేప పాడైపోతుంది.

ఆదివారం కాస్త ఎక్కువ కొను. కార్తీకంలో, మార్గశిరం లక్ష్మీవారాల్లో తగ్గించు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, ఇంజను బోట్లు వేటకు వెళ్లవు. ఇంజను లేని తెప్పలు తెచ్చేది, వంశధార సముద్రంలో కలిసే మొగలో పడేదే దిక్కు. ధర మండిపోతుంది. ఆ రోజులకు ముందే ఎండు నెత్తళ్లు, ఉప్పుచేప కొని ఉంచుకో.

పొద్దున తొమ్మిది వందలు చేతిలో పెట్టి సాయంత్రానికి వెయ్యి అడిగేవాళ్లుంటారు. వాళ్ల దగ్గర తీసుకున్నావంటే తట్ట నీది, సంపాదన వాళ్లది. పెట్టుబడి నేనిస్తాను, మీ మావయ్యకు మాత్రం చెప్పకు.

వచ్చే ఆదివారం డబ్బులు తేవద్దు. ఊరికే నా పక్కన నిలబడి ఒక్కో పోగూ ఎన్ని కిలోలుంటుందో నా చెవిలో చెప్పు. నేను పాడుకున్నది ఇంటికి తెచ్చి తూచి చూద్దాం.

మీ అత్త