బేస్‌బాల్ ట్రేడ్ పుకార్లనూ డ్రాఫ్ట్ అంచనాలనూ ఎంతవరకు నమ్మవచ్చు?

హైస్కూలు జట్టులో ఆడుతున్న మీ అబ్బాయి జూలై వచ్చిందంటే ఫోను వదలడం లేదనీ, ఫలానా ఆటగాడు ఫలానా జట్టుకు వెళ్లిపోతున్నాడని రోజుకొక కబురు చెబుతున్నాడనీ, వాటిలో చాలావరకు నిజం కావడం లేదనీ రాశారు. డ్రాఫ్ట్ (హైస్కూలు, కాలేజీ కుర్రవాళ్లను జట్లు ఏటా రౌండ్లవారీగా ఒక్కొక్కరిని ఎంచుకునే పద్ధతి) అంచనాలు కూడా అలాగే తప్పుతున్నాయి కాబట్టి, వీటిని ఎవరు పుట్టిస్తారు, దేన్ని నమ్మాలి అని అడిగారు. నాకు తెలిసినంతలో చెబుతాను.

నేను టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటున్నాను. మేజర్ లీగ్ జట్టు టెక్సస్ రేంజర్స్‌కు చెందిన డబుల్ ఏ స్థాయి (మేజర్ లీగ్‌కు రెండు మెట్లు కింద, కుర్రవాళ్లు తయారయ్యే మైనర్ లీగ్) జట్టు రఫ్‌రైడర్స్ మా ఊళ్లోనే ఆడుతుంది. మా అబ్బాయికి ఆరేళ్లు ఉన్నప్పటి నుంచి వేసవి సాయంత్రాల్లో వాణ్ణి వెంటబెట్టుకుని ఆ మైదానానికి వెళ్తున్నాను. జట్లు ఆటగాళ్లను ఇచ్చిపుచ్చుకోవడమే ట్రేడ్. టీవీలో చూసేవారికి ట్రేడ్ అంటే పెద్ద జట్టులోకి పేరున్న ఆటగాడు రావడం. మా మైదానంలో కూర్చుని చూసేవారికి మాత్రం ట్రేడ్ అంటే నిన్నటిదాకా కంచె దగ్గరకు వచ్చి పిల్లల బంతుల మీద సంతకాలు చేసిన కుర్రవాడు ఈరోజు కనిపించకపోవడం. పుకార్ల గురించి నేను నేర్చుకున్నదంతా ఈ రెండో వైపు నుంచి చూడడం వల్లనే నేర్చుకున్నాను.

2023 జూలై సంగతి చెబుతాను. ఆ నెలంతా ఒకే ప్రశ్న: బంతి వేయడంలోనూ కొట్టడంలోనూ మేటి అయిన, ఏడాది చివర ఒప్పందం ముగిసిపోయే షోహెయ్ ఓతానీని ఏంజెల్స్ జట్టు అమ్ముకుంటుందా, అట్టేపెట్టుకుంటుందా? ఆ కబుర్లలో రేంజర్స్ పేరు కూడా వినబడింది. ఒక రాత్రి మా అబ్బాయి ఊపిరాడకుండా పరిగెత్తుకొచ్చి, ఓతానీ మనకు వచ్చేశాడని ఫోను చూపించాడు. అది పేరున్న ఒక విలేకరి ఖాతాలా ఉంది. నేను కూడా నమ్మి ఇద్దరు మిత్రులకు పంపించాను. తీరా పరీక్షగా చూస్తే పేరులో ఒక్క అక్షరం మార్చి ఎవరో పెట్టిన దొంగ ఖాతా. పన్నెండేళ్ల పిల్లవాడు ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు, ఆ విషయం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. ఆ నెల 26న ఏంజెల్స్ ఓతానీని ట్రేడ్ చేయబోమని తేల్చేసి, పైపెచ్చు తామే షికాగో వైట్ సాక్స్ నుంచి లూకస్ జియోలిటోను తెచ్చుకున్నారు. నెల రోజుల కబుర్లు అక్కడితో ఆవిరైపోయాయి.

ఆ వారాంతంలోనే అసలు ట్రేడ్‌లు జరిగాయి. రేంజర్స్ న్యూయార్క్ మెట్స్ నుంచి పేరున్న పిచ్చర్ (బంతి వేసే ఆటగాడు) మ్యాక్స్ షెర్జర్‌ను తీసుకుని లూయిసాంజెల్ అకూన్యాను ఇచ్చారు. వెంటనే సెయింట్ లూయిస్ కార్డినల్స్ నుంచి మరో పిచ్చర్ జోర్డాన్ మాంట్‌గోమరీని తీసుకుని, ఇచ్చిన వారిలో థామస్ సజేసీని, టెకోవా రోబీని కలిపారు. ఈ ముగ్గురు కుర్రవాళ్లూ ఆ ఏడాది మా ఫ్రిస్కో జట్టువాళ్లే. రెండు రోజుల్లో మా జట్టు సగం ఖాళీ అయినట్టనిపించింది. అకూన్యా మొదటి బేస్ నుంచి ఎప్పుడు పరుగు తీస్తాడా అని ముందుకు వంగి కూర్చోవడం మా అబ్బాయికి అలవాటు. ఆ తర్వాతి ఆటలో వాడు అలా వంగి కూర్చోలేదు. నవంబరు 1న రేంజర్స్ తమ చరిత్రలో మొదటిసారి వరల్డ్ సిరీస్ గెలిచినప్పుడు, ఆ గెలుపు దారిలో ఎక్కువ బరువు మోసినవాడు నెలంతా వార్తల్లో నలిగిన పేరు కాదు, పెద్దగా చప్పుడు లేకుండా వచ్చిన మాంట్‌గోమరీ. వరల్డ్ సిరీస్‌కు ముందు హ్యూస్టన్ మీద జరిగిన సిరీస్‌లో మొదటి ఆట గెలిపించినవాడూ, ఏడో ఆటలో షెర్జర్ మూడో ఇన్నింగ్స్‌లోనే వెనుదిరిగితే వచ్చి ఆదుకున్నవాడూ అతనే.

ఇక పుకారు ఎలా పుడుతుందో చెబుతాను. నిప్పు లేనిదే పొగ రాదని మనం అంటాం. ట్రేడ్ గడువు (ఆ సీజన్‌కు ట్రేడ్‌లు ఆగిపోయే, జూలై చివరి ప్రాంతపు తేదీ) దగ్గర పడినప్పుడు మాత్రం పొగ కోసమే నిప్పు రాజేసేవాళ్లు ముగ్గురు ఉంటారు. అమ్మే జట్టు తన ఆటగాడి కోసం అయిదు జట్లు ఎగబడుతున్నాయన్న మాట బయటకు పొక్కాలని కోరుకుంటుంది, ధర పెరుగుతుంది కాబట్టి. కొనే జట్టు మేం వేరే ఇద్దరిని చూస్తున్నామని చెప్పిస్తుంది, ధర తగ్గుతుంది కాబట్టి. ఏజెంటుకు తన ఆటగాడి పేరు నలుగురి నోళ్లలో నానడమే లాభం, ఎందుకంటే వచ్చే చలికాలంలో కుదుర్చుకోబోయే ఒప్పందానికి అది పనికొస్తుంది. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అన్న సామెత ఈ సంతకు అతికినట్టు సరిపోతుంది. అందుకే ఒక వార్త చదివినప్పుడు ఇది నిజమా అని అడిగే ముందు, ఇది బయటకు వస్తే ఎవరికి మేలు అని అడగడం మా అబ్బాయికి నేర్పించాను. నాకు తెలిసినంతలో ఇంతకన్నా నమ్మకమైన జల్లెడ లేదు.

వార్తలో వాడే మాటలకు కూడా మెట్లు ఉన్నాయి. ఫలానా జట్టు వాకబు చేసింది అంటే దాదాపు అర్థం లేనట్టే, ఎందుకంటే ముప్పై జట్లూ ప్రతి పెద్ద ఆటగాడి గురించీ ఒకసారి ఫోను చేసి అడుగుతాయి. ఆసక్తి చూపుతోంది అన్నది దానికి ఒక మెట్టు పైన. ఇచ్చిపుచ్చుకునే ఆటగాళ్ల పేర్లు రెండు వైపుల నుంచీ బయటకు వచ్చినప్పుడే చర్చ నిజంగా సాగుతోందని అనుకోవాలి. ఒప్పందం కుదిరింది, వైద్య పరీక్షలు మాత్రం మిగిలాయి అన్న వార్త కూడా ఆఖరి మెట్టు కాదు. 2015 జూలై 29న మెట్స్ ఆటగాడు విల్మర్ ఫ్లోరెస్ మైదానంలో షార్ట్‌స్టాప్ స్థానంలో నిలబడి కళ్లు తుడుచుకోవడం దేశమంతా చూసింది. కార్లోస్ గోమెజ్ కోసం అతన్ని మిల్వాకీకి ఇచ్చేశారన్న వార్త ఆట సాగుతుండగానే ప్రేక్షకుల ఫోన్లలోకి వచ్చింది, వాళ్ల నోటి నుంచే అతని చెవిన పడింది. పదహారేళ్ల వయసులో చేరిన జట్టును వదలాల్సి వస్తోందని ఆ కుర్రవాడు కుమిలిపోయాడు. కానీ గోమెజ్ వైద్య నివేదికల దగ్గర పేచీ వచ్చి ఆ రాత్రే బేరం చెడింది. రెండు రోజుల తర్వాత, 31న, అదే ఫ్లోరెస్ వాషింగ్టన్ మీద పన్నెండో ఇన్నింగ్స్‌లో హోమ్ రన్ కొట్టి ఆట గెలిపించి, చొక్కా మీద ఉన్న జట్టు పేరును పిడికిట పట్టుకుంటూ ఇంటి బేస్‌కు చేరాడు. పుకారు అనేది ఒక మనిషి మీద పడే బరువు అని మా అబ్బాయికి చెప్పాల్సి వచ్చినప్పుడు ఆ వీడియోనే చూపిస్తాను.

దీనికి తోడు, నిబంధనలు తెలిస్తే సగం పుకార్లు చదవగానే రాలిపోతాయి. మేజర్ లీగ్‌లలో పదేళ్లు ఆడి, అందులో చివరి అయిదేళ్లు ఒకే జట్టుతో ఉన్న ఆటగాణ్ణి అతని అంగీకారం లేకుండా ట్రేడ్ చేయకూడదు. కొందరి ఒప్పందాల్లోనే ఆ హక్కు రాసి ఉంటుంది. షెర్జర్ ఒప్పుకున్నాడు కాబట్టే టెక్సస్‌కు వచ్చాడు. 2019 నుంచి గడువు ఒక్కటే, అంతకుముందు ఆగస్టులో దొడ్డిదారిన జరిగే మార్పిళ్లు ఇప్పుడు లేవు. డ్రాఫ్ట్‌లో అప్పుడే ఎంపికైన ఆటగాణ్ణి ఆ ఏడాది వరల్డ్ సిరీస్ ముగిసేదాకా ట్రేడ్ చేయడం కుదరదు. కాబట్టి మొన్న డ్రాఫ్ట్ అయిన కుర్రవాణ్ణి ఈ జూలైలోనే ఇచ్చేస్తున్నారన్న వార్త కనబడితే మీ అబ్బాయి దాన్ని రెండోసారి చదవనక్కరలేదు. వరల్డ్ సిరీస్ ముగిశాక మాత్రం ఎవరికీ భరోసా లేదు. 2024 డ్రాఫ్ట్‌లో పదమూడోవాడిగా శాన్ ఫ్రాన్సిస్కో ఎంచుకున్న జేమ్స్ టిబ్స్‌ను 2025 జూన్ 15న రఫాయెల్ డెవర్స్ కోసం బోస్టన్‌కు ఇచ్చారు. ఏడు వారాలు తిరగకుండా, జూలై 31న, బోస్టన్ అతన్ని లాస్ ఏంజెలిస్ డాడ్జర్స్‌కు ఇచ్చేసింది.

డ్రాఫ్ట్ అంచనాల సంగతి వేరు. ట్రేడ్ పుకారు తప్పడానికి కారణం దాన్ని వదిలినవారి స్వార్థమైతే, డ్రాఫ్ట్ అంచనా తప్పడానికి కారణం చాలావరకు లెక్క. చూసేవాళ్లు ఎవరు మంచి ఆటగాడు అని అడుగుతారు, జట్లు మాత్రం ఎవరు ఎంతకు సంతకం చేస్తారు అని కూడా అడుగుతాయి. 2012 నుంచి ఉన్న పద్ధతి ప్రకారం మొదటి పది రౌండ్లలో ప్రతి స్థానానికీ ఒక నిర్ణీత విలువ ఉంటుంది, వాటన్నిటి మొత్తమే ఒప్పందం మీద సంతకం చేసినందుకు ఆటగాళ్లకు ఇచ్చే బోనస్‌ల కోసం ఆ జట్టుకు దక్కే నిధి. ఒకరికి తక్కువ ఇస్తే మిగిలినది ఇంకొకరికి ఇవ్వవచ్చు. నిధిని అయిదు శాతానికి మించి దాటితే రాబోయే డ్రాఫ్ట్‌లో మొదటి రౌండ్ స్థానమే పోతుంది. హైస్కూలు కుర్రవాడికి కాలేజీలో చేరే దారి తెరిచే ఉంటుంది కాబట్టి అతను గట్టిగా బేరమాడగలడు. కాలేజీ చివరి ఏడాదిలో ఉన్నవాడికి ఆ వెసులుబాటు ఉండదు.

ఆ పద్ధతి వచ్చిన మొదటి ఏడాదే ఒకరికి తగ్గించి ఇంకొకరికి ఇవ్వడం ఎలాగో హ్యూస్టన్ చేసి చూపించింది. మార్క్ ఆపెల్, బైరన్ బక్స్‌టన్ పేర్లు ఎక్కువగా వినబడుతుండగా మొదటి స్థానంలో కార్లోస్ కొరెయాను తీసుకుని 48 లక్షల డాలర్లకు ఒప్పించారు. ఆ స్థానం విలువ 72 లక్షలు. మిగిలిన డబ్బు చూసుకునే 41వ స్థానంలో లాన్స్ మెక్‌కల్లర్స్‌కు 25 లక్షలు ఇవ్వగలిగారు.

నాకు దగ్గరగా తెలిసిన ఉదాహరణ కుమార్ రాకర్. తల్లి వైపువారు భారతదేశం నుంచి అమెరికాకు వచ్చినవారు కావడం వల్ల మా ఊరి తెలుగు ఇళ్లలో, బేస్‌బాల్ చూడనివారికి కూడా, ఆ పేరు తెలుసు. 2019లో వాండర్‌బిల్ట్ తరఫున డ్యూక్ మీద 19 మందిని స్ట్రైకవుట్ చేసి (బంతిని కొట్టనివ్వకుండానే అవుట్ చేసి) ఒక్క హిట్ కూడా ఇవ్వని పిచ్చర్ అతను. 2021లో మెట్స్ అతన్ని పదోవాడిగా ఎంచుకుని, 60 లక్షల డాలర్లకు మాట అనుకుని, చేతిని పరీక్షించాక అసలు ఒప్పందమే ఇవ్వకుండా వదిలేశారు. మరుసటి ఏడాది అతను న్యూయార్క్ రాష్ట్రంలోని ట్రై సిటీ అనే స్వతంత్ర జట్టుకు 20 ఇన్నింగ్స్ వేసి 32 స్ట్రైకవుట్లు సాధించాడు. అయినా 2022 అంచనాల్లో దాదాపు ఎవరూ అతన్ని మొదటి పదిమందిలో చూపలేదు. రేంజర్స్ మూడోవాడిగా అతని పేరు ప్రకటించినప్పుడు టీవీలో వ్యాఖ్యాతలే తెల్లబోయారు.

నేను ఆ రాత్రి కాగితం పెట్టుకుని లెక్క వేశాను. కోరీ సీగర్‌ను, మార్కస్ సెమియన్‌ను ఫ్రీ ఏజెంట్లుగా (ఒప్పందం ముగిసి ఏ జట్టుకైనా వెళ్లగలిగేవారిగా) తెచ్చుకున్నందుకు రేంజర్స్‌కు ఆ ఏడాది రెండో రౌండూ లేదు, మూడో రౌండూ లేదు. మూడో స్థానం విలువ దాదాపు 76 లక్షలు, రాకర్ 52 లక్షలకు సంతకం చేశాడు. మిగిలిన సొమ్ముతో, మొదటి రౌండుకు తగినవాడని అందరూ అనుకున్న బ్రాక్ పోర్టర్ అనే హైస్కూలు పిచ్చర్‌ను నాలుగో రౌండులో తీసుకుని 37 లక్షలు ఇచ్చారు. ఒక్క ఆటగాణ్ణి చూస్తే వింతగా కనిపించిన ఎంపిక, ఇద్దరినీ కలిపి చూస్తే సూటిగా అర్థమవుతుంది. అంచనాలు రాసేవాళ్లు తెలివి తక్కువవాళ్లు కారు, వారు నిజంగా కష్టపడతారు. కానీ ఆ కుటుంబంతో ఆ జట్టు గుట్టుగా మాట్లాడుకున్న అంకె వారి చేతికి అందదు. 2025లోనూ అదే జరిగింది. వాషింగ్టన్ డ్రాఫ్ట్‌కు వారం ముందు తన జనరల్ మేనేజర్‌ను తొలగించి, పదిహేడేళ్ల ఈలై విలిట్స్‌ను మొదటివాడిగా ఎంచుకుని, కోటీ పది లక్షల పైచిలుకు విలువ ఉన్న స్థానంలో 82 లక్షలకు ఒప్పించింది.

రాకర్‌ను నేను 2024 ఆగస్టులో మా మైదానంలో చూశాను. 2023లో మోచేతికి శస్త్రచికిత్స జరిగి, ఏడాదికి పైగా ఆటకు దూరమై, మళ్లీ అప్పుడప్పుడే వేస్తున్నాడు. చీకటి పడుతున్నా వేడి తగ్గలేదు. కుడివైపు కంచె వెనక ప్రేక్షకుల కోసం కట్టిన కాలువ నీళ్లలో పిల్లలు తేలుతున్నారు. ఇంటి బేస్ వెనక వరుసలో, జట్ల తరఫున ఆటగాళ్లను అంచనా వేసే స్కౌట్లు నలుగురు బంతి వేగం కొలిచే గన్‌లు ఎత్తిపట్టుకుని కూర్చున్నారు. అతను స్లైడర్ (పక్కకు వంగిపోయే బంతి) వేసిన ప్రతిసారీ నలుగురి తలలూ ఒకేసారి నోటు పుస్తకాల మీదకు వంగాయి. మా వెనక కూర్చున్న పెద్దావిడ, ఇండియా నుంచి కూతురి ఇంటికి వచ్చినట్టున్నారు, "ఏం బాబూ, కుమార్ అంటున్నారు, మన పిల్లాడేనా?" అని అడిగారు. వాళ్ల అమ్మగారి వైపు మనవాళ్లేనండీ అన్నాను. ఆ తర్వాత ఆవిడ ప్రతి స్ట్రైకవుట్‌కూ చప్పట్లు కొట్టారు. సెప్టెంబరు 12న సియాటిల్‌లో మేజర్ లీగ్‌లో అడుగుపెట్టిన రాకర్ నాలుగు ఇన్నింగ్స్‌లో ఏడుగురిని స్ట్రైకవుట్ చేశాడు. 2025 అతనికి అంతగా కలిసి రాలేదు, అయినా అతని మీద నా ఆశ పోలేదు.

మీ అబ్బాయికి ఒక పని చెప్పండి. ట్రేడ్ వార్త కనబడగానే మొదట ఆ ఆటగాడి ఒప్పందం ఇంకా ఎన్నేళ్లు ఉందో చూడమనండి, తర్వాత వార్త రాసిన ఖాతా పేరును అక్షరం అక్షరం చదవమనండి. డ్రాఫ్ట్‌కు ముందు ఆటగాళ్ల జాబితా కన్నా ముందుగా జట్ల బోనస్ నిధుల జాబితా తెరవమనండి. మీకు దగ్గర్లో మైనర్ లీగ్ మైదానం ఉంటే జూలై చివరి వారంలో ఒక సాయంత్రం తప్పకుండా తీసుకెళ్లండి. ఇంటి బేస్ వెనక ఎంతమంది స్కౌట్లు ఉన్నారో లెక్కపెట్టమనండి. రోజూ ఆడే కుర్రవాడు కారణం చెప్పకుండా ఆ రోజు జాబితాలో లేకపోయినా, ఆట మధ్యలో అతన్ని బయటకు పిలిచి తోటివాళ్లు ఒక్కొక్కరే కౌగిలించుకుంటున్నా, ఫోను తీయకుండానే సంగతి తెలిసిపోతుంది.