అమ్మగారికి అమెరికా పౌరసత్వం కోసం పెట్టే సివిక్స్ పరీక్ష (ఆ దేశ చరిత్ర, ప్రభుత్వం గురించిన ప్రశ్నలు) తెలుగులోనే రాయించొచ్చా?

రాయించడం కాదండీ, నోటితో చెప్పించడమే. దరఖాస్తు వేసేనాటికి అమ్మగారికి 56 ఏళ్లు, గ్రీన్ కార్డు వచ్చి 16 ఏళ్లు అన్నారు. 55 ఏళ్లు నిండి, గ్రీన్ కార్డుతో 15 ఏళ్లు ఉన్నవాళ్లకు ఇంగ్లిష్ పరీక్ష మినహాయింపు ఉంది. సివిక్స్ తెలుగులో చెప్పొచ్చు, అనువాదం చేసే మనిషిని మాత్రం మీరే తీసుకెళ్లాలి.

మీరు ఇచ్చిన 100 ప్రశ్నల పుస్తకం పక్కన పెట్టండి. 2025 అక్టోబరు 20 నుంచి వేసిన దరఖాస్తులకు కొత్త జాబితా, 128 ప్రశ్నలు. అడిగేది 20, సరిగ్గా చెప్పాల్సింది 12. పన్నెండు రాగానే ఆపేస్తారు.

ఇక 1776, 1787 కలిసిపోతున్నాయన్నారు కదా. మా అమ్మకూ అదే తంటా! 'మనకు 1947లో స్వాతంత్ర్యం, 1950లో రాజ్యాంగం అమలు. వీళ్లకు 1776లో స్వాతంత్ర్య ప్రకటన, 1787లో రాజ్యాంగ రచన' అని చెప్పాక మళ్లీ తడబడలేదు. సెనేటర్ పదవి ఆరేళ్లు, మన రాజ్యసభ సభ్యుడిలాగే. ప్రతినిధుల సభవాళ్లకు మాత్రం రెండేళ్లే. రాష్ట్రానికి ఇద్దరు చొప్పున 50 రాష్ట్రాలకు 100 మంది సెనేటర్లు. ఈ లెక్క ఆవిడనే వేయనివ్వండి, బట్టీ అక్కర్లేదు.

మీ రాష్ట్ర గవర్నరు, సెనేటర్ల పేర్లు ఇంటర్వ్యూ ముందు వారం మరోసారి చూసుకోండి. ఒకవేళ తప్పినా 60 నుంచి 90 రోజుల్లో రెండో అవకాశం ఇస్తారు, ఆవిడకు ముందే చెప్పండి.