సంతకం పెట్టే ముందు ఇది చదువు

చిన్నా,

క్లబ్ కాంట్రాక్ట్ పంపిందని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఆనందంతో మాట తడబడింది పాపం. కెనడాకి వచ్చాక ఐస్ హాకీ ఆటగాళ్ల టాక్స్ లెక్కలు చూస్తూనే ఇరవై ఏళ్లు గడిపాను కాబట్టి చెబుతున్నా, కాస్త ఓపిగ్గా విను.

కాగితంలో జీతం రెండు వరుసల్లో ఉంటుంది. మొదటిది ఎన్‌హెచ్‌ఎల్‌లో, అంటే అన్నిటికన్నా పెద్ద లీగ్‌లో ఆడితే వచ్చేది. క్లబ్బులు కొత్త కుర్రాళ్లని ఎంచుకునే 2025 డ్రాఫ్ట్‌లో ఎంపికైన మీ బ్యాచ్‌కి అది ఏడాదికి 9,75,000 డాలర్లు దాటకూడదు. రెండోది దాని కింది లీగ్ ఏహెచ్‌ఎల్‌లో ఆడితే వచ్చేది, దాంట్లో పదో వంతు కూడా ఉండదు. చుట్టాలంతా మొదటి అంకె విని ఫోన్లు చేస్తారు. నువ్వు రెండో అంకె మీద వేలు పెట్టి చదువు. కుర్రాళ్ల జూనియర్ లీగ్ దాటాక చాలామంది కుర్రాళ్లు ముందు చేరేది అక్కడికే.

1993లో అలెగ్జాండర్ డేగ్ అనే కొత్త ఆటగాడికి ఒటావా క్లబ్ ఐదేళ్లకి 1.22 కోట్ల డాలర్లకి పైగా రాసిచ్చింది. అతను అంతగా రాణించలేదు. లీగ్‌కీ ఆటగాళ్ల సంఘానికీ మధ్య 1995లో కుదిరిన ఒప్పందంతో కొత్తవాళ్ల జీతానికి పరిమితి వచ్చింది. నీ వయసులో సంతకం పెడితే మూడేళ్లే, అందులో బేరం లేదు.

పదో మ్యాచ్ సంగతి మాత్రం బాగా గుర్తుపెట్టుకో. పద్దెనిమిది, పంతొమ్మిదేళ్లకి సంతకం పెట్టినవాడు ఆ సీజన్‌లో కనీసం పది ఎన్‌హెచ్‌ఎల్ మ్యాచ్‌లు ఆడకపోతే, ఆ మూడేళ్ల లెక్క మొదలవ్వదు, తర్వాతి ఏడాదికి జరుగుతుంది. పెద్ద జీతం అడగగలిగే రెండో కాంట్రాక్టూ అంత ఆలస్యమవుతుంది. అందుకే క్లబ్బులు తొమ్మిది ఆడించి, ఉంచాలా, జూనియర్‌కి తిప్పి పంపాలా అని ఆలోచిస్తాయి.

అలా తిరిగొచ్చిన ఒక కుర్రాడి ఇంటికి వెళ్లాను. కిట్ బ్యాగ్ గుమ్మంలోనే పడుంది, గ్లవ్స్ ఇంకా తడిగానే ఉన్నాయి. వాడు గదిలో తలుపేసుకున్నాడు. "వాడేం తప్పు చేశాడండీ?" అని వాళ్ల నాన్న అడిగాడు. ఏ తప్పూ చేయలేదు. ఆ మాట వాడికి ముందే ఎవరైనా చెప్పి ఉండాల్సింది. లియాన్ డ్రైసైటల్‌ని చూడు. 2014-15లో ఎడ్మంటన్ క్లబ్ 37 మ్యాచ్‌లు ఆడించాక జూనియర్‌కి పంపేసింది. 2020లో అతనే లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడిగా హార్ట్ ట్రోఫీ అందుకున్నాడు.

నిన్ను జూనియర్‌కి తిప్పి పంపితే ఆ రెండు జీతాల్లో ఏదీ రాదు, సంతకం పెట్టినందుకిచ్చే సైనింగ్ బోనస్ ఒక్కటే చేతికొస్తుంది. అది ఏడాది మొత్తంలో పది శాతం వరకూ ఇవ్వొచ్చు. పూర్తిగా ఇస్తున్నారో లేదో ఏజెంట్‌ని అడుగు, మొహమాటపడకు. గోల్స్‌కీ అసిస్ట్‌లకీ రాసిన బోనస్‌లు ఇప్పుడే లెక్కేసుకోకు, అప్పు చేసి కారు అసలే కొనకు.

శనివారం వస్తున్నా. కాగితాలు డైనింగ్ టేబుల్ మీద పెట్టుంచు, ఇద్దరం కలిసి చదువుదాం. అప్పటిదాకా పెన్ను ముట్టుకోకు.

మీ పెదనాన్న