నెర్ఫ్ గన్ కొనేముందు బుల్లెట్ చూడండి

మీరు అడిగింది: "బాబుకి ఎనిమిదేళ్ళు నిండుతున్నాయి, పుట్టినరోజుకి నెర్ఫ్ గన్ కావాలంటున్నాడు. ఇంట్లో నాలుగేళ్ళ పాప కూడా ఉంది. బడ్జెట్ రెండు వేలు. ఏది కొనాలి? నిజం చెప్పాలంటే నాకూ ఆడాలని ఉంది."

ఆ చివరి ముక్క చూసే ఈ జవాబు రాస్తున్నాను. నెర్ఫ్ గన్ అంటే తెలియనివాళ్ళకి, అది స్పంజి బుల్లెట్లు పేల్చే బొమ్మ తుపాకీ, నెర్ఫ్ అనేది బ్రాండ్ పేరు. మా ఇంట్లోనూ ఇలాగే మొదలైంది. మా వాడి ఎనిమిదో పుట్టినరోజుకి ఒకటి కొన్నాను. ఇప్పుడు వాడికి పన్నెండేళ్ళు. లెక్కపెడితే ఇంట్లో తొమ్మిది ఉన్నాయి, అందులో వాడివి నాలుగే.

మొదటిది నేను డబ్బా మీద బొమ్మ చూసి కొన్నాను. బ్యాటరీతో పనిచేసేది, పెద్దది, చూడ్డానికి సినిమాలో హీరో పట్టుకునే దానిలా ఉంది. కంపెనీ పేరు అనవసరం. దానితో ఇరవై బుల్లెట్లు ఇచ్చారు. రెండు నెలలు తిరిగేసరికి పనికొచ్చేవి ఐదు మిగిలాయి. కొన్ని సోఫా కిందకి, కొన్ని బాల్కనీ లోంచి కింద ఇంటివాళ్ళ సన్‌షేడ్ మీదకి పోయాయి. నాలుగైదింటిని మా అమ్మ చెత్తతో పాటు ఊడ్చి పారేసింది. సరే, ఇంకో ప్యాకెట్ కొందామని వెళ్తే ఆ గన్‌కి పట్టే సైజు ఎక్కడా దొరకలేదు. మామూలువి తెచ్చి పెడితే వదులుగా ఉండి లోపల ఇరుక్కున్నాయి. ఇంత ఖరీదు పెట్టిన వస్తువు బుల్లెట్లు లేక అటకెక్కింది.

అందుకే ఎవరు అడిగినా నేను చెప్పేది ఒకటే, ముందు బుల్లెట్ ఖాయం చేసుకోండి. గన్ సంగతి తరవాత. నెర్ఫ్ ఎలైట్ అనే రకం 2012లో వచ్చింది. దాని బుల్లెట్ సుమారు 72 మిల్లీమీటర్ల పొడవు, 12.7 మిల్లీమీటర్ల లావు, ఒక గ్రాము బరువు. ఇప్పుడు బజార్లో సగానికి సగం కంపెనీలు ఈ కొలతనే పట్టుకున్నాయి. తరవాత వచ్చిన ఎలైట్ 2.0 గన్లకీ ఇదే, జురు అనే ఇంకో కంపెనీ వాళ్ళ ఎక్స్-షాట్ గన్లలో చాలావాటికీ ఇదే. వంద బుల్లెట్ల కవర్లు ఆన్‌లైన్‌లో చవగ్గా దొరుకుతాయి. అదే నెర్ఫ్‌లో 2019లో అల్ట్రా అని ఒకటి వచ్చింది, దాని బుల్లెట్ కొలత వేరు. ఎలైట్ బుల్లెట్ అందులో పనికిరాదు, దానిది ఇందులో పనికిరాదు. గన్ మంచిదే కావచ్చు, కానీ పిల్లలున్న ఇంట్లో బుల్లెట్లు పోవడమే ఆట. పోయినవి సులువుగా దొరకని గన్ మనకెందుకు?

ఇక రెండో విషయం, మీ వాడు దాన్ని తనంతట తాను లాగగలగాలి. ఈ గన్లు ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి స్ప్రింగుది. స్లైడ్ వెనక్కి లాగితే లోపల పిస్టన్ వెనక్కి వెళ్ళి గడియకి పట్టుకుంటుంది. ట్రిగ్గర్ నొక్కగానే స్ప్రింగ్ దాన్ని ముందుకి తోస్తుంది, ఆ గాలి బుల్లెట్‌ని తన్నేస్తుంది. సైకిల్ పంపు గొట్టానికి బఠానీ గింజ అడ్డం పెట్టి కొట్టినట్టే. రెండోది చక్రాలది. మోటార్లకి బిగించిన రెండు చిన్న చక్రాలు ఎదురెదురుగా తిరుగుతుంటాయి. వాటి మధ్యలోకి బుల్లెట్ వెళ్తే చెరకు రసం మిషన్ గడని లాక్కున్నట్టు లాక్కుని అవతలికి విసురుతాయి.

చక్రాల గన్‌లో బలం అక్కర్లేదు, టకటకా పేల్చొచ్చు. అయితే పేల్చేముందు ఇంకో బటన్ నొక్కి చక్రాలు అందుకునే దాకా ఆగాలి. తొందరపడితే బుల్లెట్ కాళ్ళ దగ్గర పడుతుంది. ఆ చక్రాల మోత మధ్యాహ్నం పూట ఫ్లాట్‌లో ఎలా ఉంటుందంటే, మిక్సీలో నీళ్ళు లేకుండా తిప్పినట్టు. ఆ పైన పెన్సిల్ సెల్స్ నాలుగేసి మింగుతుంది. సెల్స్ బలహీనపడ్డ కొద్దీ బుల్లెట్ దగ్గర్లో పడటం మొదలవుతుంది, మా వాడు ఏసీ రిమోట్‌లోవి కూడా ఊడబెరికిన రోజులున్నాయి. అందుకని ఎనిమిదేళ్ళ పిల్లాడికి మొదటిది స్ప్రింగుదే కొనమంటాను.

షాపుకి వెళ్తే బాబుని తీసుకెళ్ళండి. సర్‌ప్రైజ్ పోతే పోయింది. నేను మా వాణ్ణి కోఠి దగ్గర ఒక బొమ్మల షాపుకి తీసుకెళ్ళాను. వాడు ముచ్చటపడ్డ పెద్ద రైఫిల్ చేతికిచ్చి లాగమన్నాను. వేళ్ళు తెల్లబడే దాకా లాగాడు, సగం దాకా వచ్చి ఆగిపోయింది. తరవాత దాన్ని పొట్టకి ఆనించి రెండు చేతులతో లాగాడు. అలా లాగుతున్నప్పుడు గొట్టం నేరుగా వాడి గడ్డం వైపు తిరిగింది. నాకు అది చాలు, పక్కన పెట్టించేశాను. అప్పుడు ఆరు బుల్లెట్లు పట్టే చిన్నది ఇచ్చాడు షాపతను. టక్‌మని ఒక్క లాగుడికి వచ్చింది. "డాడీ, ఇదే" అన్నాడు. పెద్దదాని వైపు మళ్ళీ చూడలేదు. పిల్లలకి కావాల్సింది సైజు కాదు, తమంతట తాము పేల్చడం.

మీ బడ్జెట్‌కి నేనైతే ఎలైట్ 2.0 కమాండర్ గానీ, దొరికితే పాత ఎలైట్ డిస్రప్టర్ గానీ చూస్తాను. రెండింట్లోనూ ఆరు బుల్లెట్లు పట్టే తిరిగే డ్రమ్ము ఉంటుంది. బుల్లెట్లు ముందు నుంచే గుచ్చాలి కాబట్టి ఎన్ని మిగిలాయో కంటికి కనబడుతుంది, ఇరుక్కున్నా వేలితో లాగేయొచ్చు. మ్యాగజైన్, అంటే బుల్లెట్లు వరసగా పేర్చి కింద తగిలించే పెట్టె, ఉన్నవి చూడ్డానికి బాగుంటాయి. కాస్త నలిగిన బుల్లెట్ పెడితే మాత్రం లోపల మడతపడి ఇరుక్కుంటుంది, అది తీసేదాకా మీకు టీవీ చూసే భాగ్యం ఉండదు. డబ్బులు మిగిలితే ఒక్క బుల్లెట్ పట్టే జోల్ట్ లాంటి చిన్నది ఇంకోటి తీసుకోండి. ఖరీదైనది ఒకటి కొనడం కన్నా చిన్నవి రెండు కొనడం ఎప్పుడూ మేలే. ఎదుటివాడి చేతిలో కూడా ఒకటి ఉంటేనే అది ఆట. లేకపోతే ఒకడు వేటగాడు, మిగతా ఇల్లంతా వేట. మా అమ్మ పూజ గదిలో కూచుంటే "నానమ్మా, కదలకు" అని గురి చూసేవాడు. నేను చిన్న గన్ కొనుక్కున్నాక గానీ ఆవిడకి ప్రశాంతత రాలేదు.

డబ్బా మీద 27 మీటర్లు వెళ్తుందని రాస్తారు. గొట్టం పైకెత్తి పేలిస్తే బహిరంగ స్థలంలో వెళ్తుందేమో. భుజం ఎత్తులో తిన్నగా పట్టి పేలిస్తే మా అపార్ట్‌మెంట్ కారిడార్‌లో తొమ్మిది, పది మీటర్లకి నేల తాకుతుంది. గురి నమ్మదగ్గది అయిదారు మీటర్లలోపే. ఇంట్లో ఆడటానికి అంతకన్నా ఎక్కువ ఏం చేసుకుంటాం? కాబట్టి ఆ అంకె చూసి ఇంకో ఐదొందలు ఎక్కువ పెట్టొద్దు.

పాప విషయం. ఎలైట్ గన్ల మీద 8 ఏళ్ళు దాటినవాళ్ళకని రాసి ఉంటుంది, దాన్ని పాటించండి. నాలుగేళ్ళ పిల్ల చేతికి ఇవ్వొద్దు. అలాగని దూరం పెడితే ఏడుపు. మా చెల్లెలి కూతురు వచ్చినప్పుడు మేం చేసిన ఉపాయం ఇది. ఖాళీ పేపర్ కప్పులు గోపురంలా పేర్చే పని తనది, పడిపోయాక బుల్లెట్లు ఏరి స్టీలు గిన్నెలో వేసే పని కూడా తనదే. గిన్నెలో పడ్డ ప్రతి బుల్లెట్టూ తనే లెక్కపెట్టాలి. నాలుగు రోజుల్లో యాభై దాకా లెక్కలు వచ్చేశాయి. పేల్చేవాళ్ళంతా కప్పులకి ఒకే వైపు నిలబడాలి, పాప ఏరుతున్నంతసేపూ గన్లు నేల మీద ఉండాలి. కొరికే అలవాటున్న పిల్లయితే బుల్లెట్ చివర ఉండే రబ్బరు టోపీ మీద కన్నేసి ఉంచండి. పాతబడ్డాక అది ఊడొస్తుంది, గొంతులో అడ్డం పడే సైజే.

కళ్ళ గురించి మాత్రం కాస్త గట్టిగా చెప్తాను. స్పంజే కదా అనుకోవద్దు. లండన్‌లోని మూర్‌ఫీల్డ్స్ కంటి ఆసుపత్రి డాక్టర్లు 2017లో ముగ్గురి కేసులు ప్రచురించారు. ఈ రకం బుల్లెట్ కంటికి తగిలి లోపల రక్తం చేరింది. ముగ్గురిలో ఇద్దరు పెద్దవాళ్ళు, ఒకరు పదకొండేళ్ళ పిల్లాడు. మా ఇంట్లో గన్‌తో పాటే ప్లాస్టిక్ కళ్ళద్దాలు కొన్నాను, పక్కలు కూడా మూసి ఉండేవి. హార్డ్‌వేర్ షాపులో గ్రైండింగ్ పనివాళ్ళ కోసం పెడతారు చూడండి, అవి. ధర పెద్దగా ఉండదు. చదువుకునే కళ్ళద్దాలు దీనికి సరిపోవు. అద్దాలు లేకపోతే ఆట లేదు, నాక్కూడా. ఈ ఒక్క రూల్ మొదటి రోజే పెట్టేయండి, నెల తరవాత పెడితే వినరు.

జాతర్లలో, రోడ్డు పక్కన దొరికే పసుపు గోళీల తుపాకులు మాత్రం ఇంట్లోకి రానివ్వొద్దు. ఆ ఆరు మిల్లీమీటర్ల గట్టి ప్లాస్టిక్ గుండ్లు వేరే జాతి. మన దేశంలో 2021 జనవరి 1 నుంచి 14 ఏళ్ళలోపు పిల్లల బొమ్మలకి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి చేశారు. బ్యాటరీ లేని వాటికి ఐఎస్ 9873, బ్యాటరీ ఉన్నవాటికి ఐఎస్ 15644 అని డబ్బా మీద ఉండాలి. నేను ఒక ఎగ్జిబిషన్‌లో మోజుపడి గుర్తు, పేరు ఏదీ లేనిది ఒకటి కొన్నాను. ఇంటికొచ్చి మూడోసారి లాగేసరికి గడియ విరిగింది. స్లైడ్ వెనక్కి ఉన్నది ఒక్కసారిగా ముందుకొచ్చి నా బొటనవేలి చర్మం పట్టుకుంది. వారం రోజులు అన్నం కలుపుకోవడానికి స్పూనే గతి. అదే పిల్లాడి వేలయితే?

ఇక మీ సంగతి. మీకు హాబీగా కావాలంటే బాబు గన్ మీద చెయ్యి వెయ్యకండి, మీకు వేరేది కొనుక్కోండి. ఈ మాట అనుభవంతో చెప్తున్నాను. మా బావమరిది డల్లాస్ నుంచి వస్తూ నెర్ఫ్‌లోనే స్ట్రైఫ్ అనే గన్ ఒకటి తెచ్చాడు. (చెకిన్ బ్యాగులో పెట్టుకొచ్చాడు. బొమ్మ తుపాకీ అయినా క్యాబిన్ బ్యాగులో ఒప్పుకోరు, మీవాళ్ళెవరైనా తెస్తుంటే ముందే చెప్పండి.) అది చక్రాల రకం, స్క్రూలు తీస్తే చక్కగా విప్పుకోవచ్చు, అందుకే విప్పి మార్చుకునే వాళ్ళందరికీ అదంటే ప్రాణం. ఎలైట్ 2.0 గన్లలో చాలావాటిని జిగురుతో అతికించేశారు. విప్పబోతే పగులుతాయి. అంటే పిల్లలకి పర్లేదు, మీకు పనికిరాదు.

దాన్ని విప్పి బిగించాక నాకు ధైర్యం ఎక్కువైంది. మా వాడి పాత స్ప్రింగ్ గన్ ఒకటి విప్పాను. లోపల గాలి దారిలో ఒక చిన్న అడ్డు ఉంటుంది. బుల్లెట్ పెట్టినప్పుడే గాలి పూర్తిగా వెళ్ళేలా చేసే ఏర్పాటు అది. అది పీకేసి, గట్టి స్ప్రింగ్ వేశాను. మొదటి దెబ్బకి థర్మకోల్ అట్టలో గుంట పడింది. నేను చిన్నపిల్లాడిలా గంతులేశాను. వారంలో రెండు జరిగాయి. ఎవరో ఖాళీగా పేల్చారు, ఆపే గాలి లేక పిస్టన్ నేరుగా వెళ్ళి గన్ లోపలి గోడకి కొట్టుకుని దాని మూతి పగిలింది. అంతకు ముందే మా వాడు నా దగ్గరికి వచ్చి, "డాడీ, నా గన్ నాకే రావట్లేదు" అన్నాడు. లాగలేకపోతున్నాడు. పాత స్ప్రింగ్ వెతికి, పిస్టన్ మూతికి ఎం-సీల్ పెట్టి మళ్ళీ ఇచ్చాను. ఇప్పటికీ పనిచేస్తోంది.

లెక్క కూడా చూడండి. మామూలు ఎలైట్ గన్ బుల్లెట్ సెకనుకి 70 అడుగుల వేగంతో వెళ్తుంది. హాబీవాళ్ళు 150, 200 దాకా తీసుకెళ్తారు. వేగం రెట్టింపైతే దెబ్బ నాలుగు రెట్లు అవుతుంది. ఆ వేగంలో పొడవు బుల్లెట్లు వంకర్లు తిరుగుతాయి కాబట్టి సగం పొడవువి వాడతారు. నెర్ఫ్ కూడా పెద్దవాళ్ళ కోసం ప్రో అని అలాంటివి తెచ్చింది. రైవల్ అని ఇంకోటి ఉంది, స్పంజి ఉండలు విసురుతుంది, అది 14 ఏళ్ళు దాటినవాళ్ళకి. ఇవన్నీ పెద్దవాళ్ళు పెద్దవాళ్ళతో ఆడుకోవాల్సినవి. నా ఐదు గన్లూ బీరువాలో తాళం కింద ఉంటాయి.

వాడకంలో చిన్న చిన్నవి. లాగి పెట్టి అలాగే వదిలేయొద్దు, స్ప్రింగ్ బలం తగ్గుతుంది. బుల్లెట్ లేకుండా పేల్చొద్దు, కారణం పైన చెప్పాను. మేడ మీద ఆడితే రాత్రి మంచుకి వదిలేయొద్దు. తొక్కి చపాతీ అయిన బుల్లెట్‌ని వేళ్ళ మధ్య దొర్లిస్తే చాలావరకు గుండ్రంగా అవుతుంది, చిరిగింది మాత్రం మళ్ళీ పెట్టకండి. నల్ల రంగు వేయొద్దు, రోడ్డు మీదకి పట్టుకెళ్ళనివ్వొద్దు.

పుట్టినరోజుకి గన్‌తో పాటు వంద బుల్లెట్ల కవర్ కూడా కొనండి. వందా ఒకేసారి ఇవ్వకండి, ముప్పై ఇచ్చి మిగతావి దాచండి. ఇంకో మాట, మీ ఫ్రిజ్ కింద చెయ్యి పడుతుందా? మాది పట్టదు. బూజుకర్ర ఎప్పుడూ హాల్లోనే ఉంటుంది.