డెత్ సర్టిఫికెట్‌లో కారణం ఎందుకు లేదంటే

అన్నా, మీ పెదనాన్న పోయినేడాది నల్గొండలో ఆస్పత్రిలో చనిపోతే, మున్సిపాలిటీ ఇచ్చిన డెత్ సర్టిఫికెట్‌లో మరణ కారణమే లేదని మీరు నాకు రాశారు. అది వాళ్ల తప్పు కాదు. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం, 17వ సెక్షన్ ప్రకారం రిజిస్టర్‌లో కారణం ఉన్నా బయటికిచ్చే నకలులో చూపకూడదు. అక్కడ తిరగడం మానేయండి.

అడగాల్సింది ఆస్పత్రిని. చివరగా చూసిన డాక్టరు మరణ కారణాన్ని ఫారం 4లో రాసి రిజిస్ట్రారుకు పంపుతారు. 2023 అక్టోబరు 1 నుంచి దాని కాపీ దగ్గరి బంధువుకూ ఇవ్వాలి. దాంతోపాటు కేస్ షీటు, అంటే ఆస్పత్రిలో జరిగిన చికిత్స రికార్డు, కూడా అడగండి, అసలు కథ అందులోనే ఉంటుంది. మా మేనమామది గుండెపోటు అని ఊరంతా అన్నారు, కేస్ షీటు చూస్తే కిడ్నీలు!

దరఖాస్తు మీ పేరుతో కాకుండా మీ పెద్దమ్మ సంతకంతో పెట్టండి, ఆధార్, డెత్ సర్టిఫికెట్ జిరాక్సులు జతచేసి, రసీదు తీసుకోండి. రికార్డు అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని వైద్యుల నిబంధనల్లో ఉంది. కానీ దాచి ఉంచాల్సిన గడువు మూడేళ్లే, ఆలస్యం చేయకండి.

పోస్టుమార్టం జరిగి ఉంటే మాత్రం ఆస్పత్రి కాదు, కేసు రాసిన పోలీస్ స్టేషన్‌కే వెళ్లాలి.