పిల్లలున్న ఇంటికి ఏ జాతి కుక్క మంచిది? ముందు మా జిమ్మీ సంగతి వినండి

ఇంట్లో నాలుగేళ్ళ పాప, ఎనిమిదేళ్ళ బాబు ఉన్నారు, మొదటిసారి కుక్కని పెంచబోతున్నాం, లాబ్రడార్ తీసుకోవాలా, గోల్డెన్ రిట్రీవరా, బీగిలా అని అడిగారు. పదమూడేళ్ళ కిందట నేనూ ఇదే ప్రశ్న పట్టుకుని కనపడ్డవాళ్ళనల్లా అడిగాను. అందరిదీ ఒకటే మాట: "లాబ్రడార్ తీసుకోండి, పిల్లల్ని ఏమీ చెయ్యదు." తీసుకున్నాం. ఏడాదిన్నర తిరక్కుండా ఆ జిమ్మీ మా చిన్నదాన్ని చెంప మీద కరిచాడు.

లాబ్రడార్ చెడ్డదని చెప్పడానికి ఇది రాయడం లేదు. తప్పు జిమ్మీది కాదు. ఆ తర్వాత వాడు మా ఇంట్లోనే పదకొండేళ్ళు బతికాడు, చివరి రోజు వరకూ చిన్నదాని మంచం పక్కనే పడుకున్నాడు. ఆ రోజు ఏం జరిగిందో వివరంగా చెబుతాను, ఎందుకంటే జాతుల పట్టికలన్నీ చదివినా నాకు తెలియనిది అక్కడే తెలిసింది.

మధ్యాహ్నం మూడు దాటింది. నేను హాల్లో కూర్చుని బట్టలు మడతపెడుతున్నాను. జిమ్మీ గోడవారన పడుకుని ఉన్నాడు. చిన్నదానికి అప్పుడు మూడున్నరేళ్ళు. చేతిలో దువ్వెన పట్టుకుని వెళ్ళి వాడి పక్కన కూలబడింది. వాడు ముందు మొహం గోడవైపు తిప్పుకున్నాడు. తర్వాత నాలుకతో ముక్కు ఒకసారి తడుపుకున్నాడు. తర్వాత ఆవలించాడు. నేను ఇవన్నీ చూస్తూనే ఉన్నాను. "నిద్రొస్తోందే వాడికి, వదిలెయ్యి" అన్నాను కూడా, అని మళ్ళీ బట్టల్లో పడ్డాను. అది దువ్వెన పక్కన పడేసి, రెండు చేతులూ వాడి మెడ చుట్టూ వేసి, చెంప వాడి చెవికి నొక్కిపెట్టి గట్టిగా వాటేసుకుంది. వాడు కొయ్యబారిపోయాడు. కంటి కొసన తెల్లగుడ్డు సన్నటి నెలవంకలా బయటపడింది. నేను లేచేలోపే పళ్ళు టక్కుమన్న చప్పుడు, దాని కేక.

కంటికి రెండంగుళాల కింద రెండు గాట్లు. ఒకటి ఉత్త గీత, ఇంకోదాంట్లోంచి రక్తం. కొళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళాం. (ఇది మీరూ గుర్తుపెట్టుకోండి. మన కుక్కే కదా, టీకాలు వేయించాం కదా అని ఇంట్లో పసుపో పౌడరో అద్ది ఊరుకోకూడదు. కడగాలి, ఆ రోజే డాక్టరుకి చూపించాలి, ఏ టీకా అవసరమో ఆయన చెబుతాడు.)

మర్నాడు జిమ్మీని పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. వాణ్ణి ఎవరికైనా ఇచ్చేద్దామని, ఆ మాట ఆవిడ నోటినుంచి వింటే నా మనసు కుదుటపడుతుందని వెళ్ళాను. ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న: "ఇంతకుముందు ఎప్పుడైనా గుర్రుమన్నాడా?" పది రోజుల్లో రెండుసార్లు, చిన్నది తల నిమురుతుంటే గుర్రుమన్నాడు. "అప్పుడు మీరేం చేశారు?" మా ఆయన పేపరు చుట్టి మూతి మీద కొట్టారు. నేనూ గట్టిగా తిట్టాను. ఆవిడ ఏమీ అనకుండా వాడి కుడి చెవి ఎత్తింది. లోపల ఎర్రగా వాచి, ముదురు గోధుమరంగు గులిమి, గుప్పున వాసన. వేలు తగలగానే వాడు కుయ్యోమని అరిచాడు. లాబ్రడార్ చెవులు వేలాడుతూ మూసుకుని ఉంటాయి, లోపలికి గాలి సరిగ్గా ఆడదు, తేమ ఆరక ఇన్ఫెక్షన్లు తేలిగ్గా వస్తాయి. పది రోజులుగా వాడు ఆ నొప్పితో తిరుగుతున్నాడు. "గుర్రుమంటే కొట్టారు, అందుకని ఈసారి గుర్రుమనకుండా కరిచాడు" అంది ఆవిడ. ఆ మాట నాకు ఇప్పటికీ చెవిలో మోగుతుంది.

అందుకే చెబుతున్నాను, గుర్రుమనే కుక్కని దయచేసి కొట్టకండి. పిల్లని అక్కణ్ణుంచి లేపండి, తర్వాత కారణం వెతకండి. మొహం తిప్పుకోవడం, నిద్ర రాకపోయినా ఆవలించడం, పెదాలు నాక్కోవడం, కొయ్యబారిపోవడం, తెల్లగుడ్డు కనపడటం, ఇవన్నీ "వద్దు" అనడమే. చిన్నపిల్లలకి ఇవి అర్థం కావు, పళ్ళు బయటపెట్టిన కుక్కని చూసి నవ్వుతోందనుకునే పిల్లలు కూడా ఉంటారు. పైగా వాళ్ళ మొహం కుక్క మూతి ఎత్తులోనే ఉంటుంది, కాబట్టి దెబ్బ మొహానికే తగులుతుంది. పసిపిల్లల్ని కరిచేది ఎక్కువగా తెలిసిన కుక్కే, చాలాసార్లు ఇంట్లోనే. పాపని కుక్క మీద ఎక్కించి, మెడ వాటేసుకోమని ఫోటోలు తీసి పెట్టేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ ఫోటోల్లో పాప నవ్వు కాదు, కుక్క కళ్ళు చూడండి. సగం వాటిలో ఆ నెలవంక కనిపిస్తుంది.

ఇక జాతి సంగతి. జాతి ఏమీ చెప్పదని నేను అనను. ఏ పని కోసం తయారుచేశారో ఆ పని కుక్క ఒంట్లో ఉంటుంది. బోర్డర్ కోలీ గొర్రెల్ని మళ్ళించే కుక్క, పరుగెత్తే పిల్లల మడమలు కూడా పట్టుకోబోతుంది. బీగిల్ వాసన పట్టుకుని పోయే వేటకుక్క, గేటు తెరిచి ఉంటే ముక్కు ఎటు లాగితే అటు పోతుంది, పిలిచినా వినదు. హస్కీ మంచు మీద జారుడుబళ్ళు లాగడానికి పుట్టింది, దాన్ని పట్టుకుని నడవడం ఎనిమిదేళ్ళ పిల్లాడి తరం కాదు. డాష్‌హండ్ నడుం పొడుగు, పిల్లలు ఎలాపడితే అలా ఎత్తితే వెన్ను దెబ్బతింటుంది. పగ్ లాంటి చప్పిడి మూతి కుక్కలకి ఊపిరే కష్టం, ఎండలో పిల్లలతో సమానంగా ఆడలేవు. ముద్దుగా ఉందని మూతి అంత కురచ చేసి వాటికి గాలి అందకుండా చేశారు, ఆ జాతులంటే నాకు జాలి, వాటిని అలా పుట్టించేవాళ్ళంటే కోపం.

లాబ్రడార్‌కి ఇంకో సంగతి ఉంది. 2016లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు బయటపెట్టారు, సుమారు నాలుగింట ఒక లాబ్రడార్‌లో ఆకలి తీరిందని చెప్పే జన్యువులో కొంత ముక్క ఉండదట. మా జిమ్మీ కచ్చితంగా ఆ బాపతే. పిల్లల చేతిలో బిస్కెట్ కనిపిస్తే చేతితో సహా నోట్లో పెట్టుకునేవాడు. ఆరు నెలలకే వాడు చిన్నదానికన్నా బరువు. ప్రేమతో మీద పడితే అది వెల్లకిలా పడేది. దుడుకు తగ్గడానికి రెండేళ్ళు పట్టింది.

కానీ "ఈ జాతి కరవదు" అనేది మాత్రం ఎవరూ ఇవ్వలేని హామీ. 2022లో 'సైన్స్' పత్రికలో ఒక పెద్ద అధ్యయనం వచ్చింది. పద్దెనిమిది వేలకు పైగా కుక్కల స్వభావం గురించి యజమానుల్ని అడిగి, రెండు వేలకు పైగా కుక్కల జన్యువులు చూశారు. ఒక కుక్కకీ ఇంకో కుక్కకీ ప్రవర్తనలో ఉండే తేడాల్లో జాతి వల్ల చెప్పగలిగేది దాదాపు 9 శాతమే అని తేలింది. మిగతాదాంట్లో ఆ కుక్క తల్లి, పెరిగిన తీరు, వయసు, ఒంట్లో నొప్పి, ఇంట్లో మనం, ఇవన్నీ ఉంటాయి. నాకు ఆ అంకె చూసి ఆశ్చర్యం కలగలేదు, జిమ్మీ నాకు ముందే నేర్పాడు.

పెరిగిన తీరు అన్నాను కదా. జిమ్మీని అమ్మినతను రెండు నెలల పిల్ల అన్నాడు. డాక్టరు పళ్ళు చూసి ఆరు వారాలు కూడా లేవంది. కనీసం ఎనిమిది వారాలు తల్లి దగ్గర, తోడబుట్టిన పిల్లల మధ్య ఉండాలి. ఎంత గట్టిగా కొరికితే ఎదుటిది కుయ్యిమంటుందో, ఆట ఎక్కడ ఆగుతుందో అక్కడే నేర్చుకుంటాయి. మూడో వారం నుంచి సుమారు పద్నాలుగో వారం వరకూ చూసిన మనుషులు, విన్న చప్పుళ్ళు, ముట్టుకున్న చేతులు దానికి జీవితాంతం మామూలైపోతాయి. ఆ రోజుల్లో పసిపిల్లల్నే చూడని కుక్కపిల్లకి మీ నాలుగేళ్ళ పాప అరుపు ఒక భయం. తల్లిని చూపించను అనే అమ్మకందారు గుమ్మం తొక్కకండి. పుట్టినరోజు కానుకగా కుక్కపిల్లని పెట్టెలో పెట్టి ఇవ్వడం అయితే నా దృష్టిలో నేరమే.

కుక్కపిల్లే కావాలని ఎందుకు పట్టుబడతారో కూడా నాకు అర్థం కాదు. పాలపళ్ళు సూదుల్లా ఉంటాయి, నాలుగు నుంచి ఆరు నెలల మధ్య ఊడేదాకా పిల్లల పాదాలు, చేతులు అన్నీ గీతలే. ఇంట్లో నాలుగేళ్ళ పిల్ల ఉండగా ఇంకో పసిదాన్ని తెచ్చుకున్నట్టు. మా చెల్లెలి పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు దానికి నేనే వెతికిపెట్టాను. రాణి అని, ఏ జాతో చెప్పలేని కలగలుపు కుక్క, మూడేళ్ళది, ఒకావిడ తన ఇంట్లో పెట్టుకుని సాకుతోంది. మూడుసార్లు వెళ్ళాం, పిల్లలతోనే. పిల్లల్ని కింద కూర్చోబెట్టి, పిలవొద్దని చెప్పాం. రాణి తనంతట తనే వచ్చి వాసన చూసి, చిన్నవాడి మోకాలికి ఆనుకుని కూర్చుంది. వాడు మూడు లెక్కపెట్టేదాకా ఛాతీ మీద నిమిరి చెయ్యి తీసేశాడు. అది మూతితో వాడి చెయ్యి మళ్ళీ పైకి ఎత్తింది. రెండోసారి వెళ్ళినప్పుడు నేను స్టీలు గిన్నె కావాలనే కింద పడేశాను. ఉలిక్కిపడి లేచింది, ఒక నిమిషంలో గిన్నె దగ్గరికొచ్చి వాసన చూసింది. మూడోసారి తెచ్చేసుకున్నాం.

కాబట్టి మీ ప్రశ్నకి నా జవాబు: ఆ మూడు జాతుల్లో ఏదైనా సరే, లేదా ఏ జాతీ కాకపోయినా సరే, రెండేళ్ళు దాటిన కుక్కని చూడండి. పిల్లలతో బతికి అలవాటున్నదైతే మరీ మంచిది. తెచ్చేముందే ఇంట్లో దానికి ఒక మూల కేటాయించండి, పిల్లలు అందులోకి అడుగు పెట్టకూడదు. తింటున్నప్పుడు, పడుకున్నప్పుడు ముట్టుకోకూడదు. నాలుగేళ్ళ పాపనీ కుక్కనీ ఒక గదిలో వదిలి మీరు ఇంకో గదిలోకి వెళ్ళకూడదు, పొయ్యి మీద పాలు పొంగుతున్నా సరే. చూడటానికి వెళ్ళినప్పుడు దాన్ని సాకుతున్నవాళ్ళని అడిగి, రెండు చెవులూ ఎత్తించి లోపలికి చూడండి.